కూటి వెల

ధరలు పెరిగినవని చెప్పుటకు పత్రిక అక్కరలేదు. ఆ వార్త ప్రతి యింటి పొయ్యికిని మాకంటె ముందుగనే తెలియును. కిరాణా చీటీలో పావుకిలో వ్రాయుచోట నూరు గ్రాములు వ్రాయుట, చిట్టచివరి వరుసను దుకాణదారుడు చూడకముందే ఇంటివారే కొట్టివేయుట, ఇవియే ఆ వార్తకు అక్షరములు. అయినను ఈ వారము ఈ విషయమును ఎత్తుకొనుటకు కారణము కలదు. ధరలు మండుచున్నపుడు కేకలు వేయువారు పెక్కురు. ధరలు చల్లబడినవని లెక్కలు చెప్పుచున్నపుడు, కంచము వెల మాత్రము ఏల చల్లబడలేదని అడుగువారు అరుదు. ఆ ప్రశ్నను ఆలమూరు వంటి యూరినుండి అడుగుట మిక్కిలి సమంజసమని మా యభిప్రాయము.

మొదట లెక్కలను చూతము. 2024 అక్టోబరులో దేశమున ఆహారపదార్థముల చిల్లర ధరలు అంతకు ముందటి యేటికంటె నూటికి 10.87 చొప్పున హెచ్చినట్లు కేంద్ర ప్రభుత్వ గణాంకశాఖ ప్రకటించినది. సరిగా ఒక సంవత్సరమునకు, 2025 అక్టోబరులో, అవియే ధరలు నూటికి 5.02 చొప్పున తగ్గినట్లు ఆ శాఖయే ప్రకటించినది. అన్ని వస్తువులును కలిపి చూచినచో ఆ నెల ధరల పెరుగుదల 0.25 మాత్రమే. ఆ లెక్కల శ్రేణిలో అంతకుముందెన్నడును ఇంత తక్కువ నమోదు కాలేదు. వార్త నిజమే. కాని దానిని రూపాయలలోనికి మార్చి చూడుడు. 2023 అక్టోబరులో 100 రూపాయలకు వచ్చిన తిండి సరకు 2024లో 110 రూపాయల 87 పైసలైనది. 2025లో 105 రూపాయల 30 పైసలకు దిగినది. తాటిచెట్టు చివరికెక్కినవాడు నాలుగు కణుపులు దిగినంతమాత్రమున నేలమీదికి వచ్చెనని అనలేము. అదిగాక కూరగాయలు, పప్పులు చౌకయైన ఆ నెలలోనే నూనెలు నూటికి 11 పైచిలుకు హెచ్చియున్నవి. నూనె లేని పొయ్యి మన దేశమున ఏ యింట కలదు?

ఆ అక్టోబరు నెల 28వ తేదీ రాత్రియే మొంథా తుపాను నరసాపురము చెంత తీరము దాటి మన చేలమీదుగా పోయినది. కోతకు సిద్ధమగుచున్న వరి నేలకొరిగినది. దేశపు లెక్కలో తిండి చౌకయైన నెలయు, కోనసీమ రైతు లెక్కలో పంట పోయిన నెలయు ఒక్కటే.

హోటలు గోడమీది ధరల పట్టికకు మాత్రము ఈ యెగుడుదిగుడులతో పనిలేదు. ఉల్లి పెరిగిన వారమున దానిమీది అంకె మారును. ఉల్లి నేలబడిన వారమున మారదు. 2023 జూలై చివర మదనపల్లె మార్కెట్టులో టమాటా కిలో దాదాపు 200 రూపాయలు పలికినది. అప్పుడు పప్పు, పచ్చడి, సాంబారు అన్నిటియందును టమాటా మాయమైనది, లేదా భోజనము ధర పెరిగినది. కొన్నిచోట్ల రెండును జరిగినవి. సెప్టెంబరు నాటికి అదే టమాటాను కొనువారు లేక రైతులు రోడ్డుప్రక్కన పారబోసిరి. టమాటా కంచములోనికి తిరిగి వచ్చినది గాని, పెరిగిన ధర వెనుకకు పోలేదు.

హోటలులో తినుట విలాసమనియు, ధరలు పెరిగినచో మానుకొనవచ్చుననియు చెప్పు పెద్దలు మన పఠనమందిరములలో నేటికిని కలరు. పూటకూటి ఇండ్ల కాలమున అది కొంత నిజమైయుండవచ్చును. అప్పుడు బయట తినువాడు బాటసారియో, వ్యాజ్యమునకు పోయిన కక్షిదారుడో అయియుండెను. నేడు ప్రొద్దున ఏడు గంటలకు ఆలమూరులో టిఫిను బండి యొద్ద నిలుచువారెవరో చూడుడు. మండల కార్యాలయమునకును కోర్టుకును లంకలనుండి వచ్చినవారు, తాపీపనికి పోవు కూలీలు, రావులపాలెము బస్సుకై తొందరపడు విద్యార్థులు, జొన్నాడ యొద్ద రహదారిప్రక్క లారీ నిలిపిన డ్రైవరు, వాని క్లీనరు. వీరికి ఇంట పొయ్యి వెలిగించు వేళ లేదు, కొందరికి ఆ యూర ఇల్లే లేదు. ఇడ్లీ పళ్ళెము వెల అయిదు రూపాయలు పెరుగుట వీరికి బియ్యము ధర పెరుగుటతో సమానము.

ఇక కర్రీ పాయింటు. ఈ పేరు ఇంగ్లీషుదైనను వస్తువు అచ్చముగా మనదే. ఇంట బియ్యము కడిగి కుక్కరులో పడవేసి, కూర, పప్పు, సాంబారు పొట్లములుగా కొని తెచ్చుకొనుట నేడు చిన్న యూళ్ళలో సైతము సామాన్యమైనది. దీనిని సోమరితనమని నిందించుట సులభము. కాని నలుగురున్న యింట ఒక పూటకు అరకిలో దొండకాయ, వంద గ్రాముల నూనె, పోపు, గ్యాసు, ఒక గంట శ్రమ లెక్కవేసి చూచినచో పొట్లమే చౌకయని పలువురు గృహిణులు తేల్చియున్నారు. భార్యాభర్తలిద్దరును పనికి పోవు ఇండ్లలోను, బిడ్డలు హైదరాబాదులో స్థిరపడగా ఒంటరిగా మిగిలిన వృద్ధుల ఇండ్లలోను ఈ పొట్లమే వంటయిల్లు. మన కోనసీమనుండి కువైటునకు పోయి పరుల వంటయింట పనిచేయు తల్లులు కలరు. ఇక్కడ వారి పిల్లలు పొట్లము విప్పి అన్నము కలుపుకొనుచున్నారు. ఆ పొట్లము ధర పెరుగలేదు, కాని అది పలుచబడినది. పిడికెడు ముక్కలున్నచోట నాలుగు ముక్కలును, మిగిలినదంతయు పులుసును ఉన్నచో దానిని ధర పెరుగుట అనక మరేమందుము?

2023–24 గృహ వినియోగ సర్వే ఈ మార్పును దేశమంతటికిని లెక్కగట్టినది. పల్లెలలో నెల ఖర్చులో నూటికి 47 రూపాయలు తిండికే పోవుచున్నవి. ఆ తిండిలో అన్నిటికంటె పెద్ద పద్దు ధాన్యములది కాదు, పాలది కూడ కాదు. పానీయములు, ఫలహారములు, వండి సిద్ధముగానున్న పదార్థములది. కాబట్టి బయటి తిండి ధరను విలాసపు పద్దులో వ్రాసి చేతులు దులుపుకొనుట ఇకమీద చెల్లదు.

ఈ దేశమున తిండికి ప్రియము రాదగని చోటు ఏదైన నున్నచో అది ఆలమూరే కావలయును. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన నాటినుండి గౌతమి యొడ్డున సార్వా, దాళ్వా అని రెండు పంటలు పండుచున్నవి. బియ్యపు మిల్లులకు పేరుపడిన మండపేట మనకు కొలది మైళ్ళ దూరము. ఏరు దాటిన రావులపాలెములో అరటిగెలల బేరము. మరికొంత దూరమున అంబాజీపేటలో కొబ్బరి బేరము. మన మండలములోనే రహదారి ప్రక్కన మడికి యొద్ద కూరగాయల టోకు వ్యాపారము. దానికి సరకునిచ్చు లంకతోటలు మన కండ్లముందే. కడియపు నర్సరీలను ఈ జాబితాలో చేర్చలేదు, పూలమొక్కలు తినరు గనుక. ఇంతటి యన్నపురాశి నడుమ కూర్చుండి మనము కూటివెలను గూర్చి వగచుట చూచువారికి వింతగా తోచును. వింత తీరవలెనన్నచో మన పంట ఎక్కడికి పోవుచున్నదో, మన కంచములోనిది ఎక్కడినుండి వచ్చుచున్నదో విచారింపవలెను.

బియ్యమునే తీసికొందము. మన చేలలో చిరకాలము విస్తారముగా పండినది స్వర్ణ. 1982లో ప్రక్క జిల్లాలోని మార్టేరు పరిశోధనా స్థానమునుండి వెలువడిన వంగడము. దానిలో అధికభాగము ప్రభుత్వపు కొనుగోలుకో, ఉప్పుడు బియ్యమై పరరాష్ట్రములకో పోవును. మనము తినగోరునది సన్నబియ్యము. 1986లో బాపట్లలో పుట్టిన సాంబమసూరియు దాని జాతివియు. అనగా అమ్మునది ఒక బియ్యము, కొనునది వేరొక బియ్యము. ఈ రెంటి నడుమనున్న దూరమంతయు బేరగాని రాజ్యము. 2023–24లో మేలురకపు ధాన్యమునకు మద్దతు ధర క్వింటాలు 2,203 రూపాయలు. 75 కిలోల బస్తా 1,652 రూపాయలు. క్వింటాలు ధాన్యము ఆడించిన 67 కిలోల బియ్యము వచ్చునని ప్రభుత్వపు కొలత. ఆ లెక్కన కిలో బియ్యములో రైతునకు ముట్టినది 33 రూపాయలకు కొంచెము లోపు. 2024 జూలైలో రాష్ట్ర పౌరసరఫరాల శాఖ సన్నబియ్యమును 48, 49 రూపాయలకు ప్రత్యేక కౌంటర్లలో అమ్మించినపుడు, బజారు ధర 52 మొదలు 55 రూపాయల పైచిలుకని ఆ శాఖయే చెప్పినది. సన్నరకపు ధాన్యమునకు మద్దతు ధరకంటె కొంత హెచ్చు వచ్చును. బియ్యము పాతబడువరకు నిలువచేయుటకు వడ్డీ పడును. మిల్లు కూలి, సంచి, లారీ కిరాయి ఉన్నవి. ఇవన్నియు మన్నించి తీసివేసినను, తవుడు, నూకలు, ఊక అమ్మగా వచ్చినది వేరుగా నుండనేయున్నది. నడుమనున్న 20 రూపాయలలో ఎంత ఖర్చు, ఎంత లాభము అనునది బహిరంగముగా ఎవరును చెప్పరు.

పన్నుల విషయమును ఇచటనే చెప్పవలెను. 2022 జూలై 18నుండి 25 కిలోల వరకు పొట్లము కట్టి ముద్రవేసిన బియ్యము, పిండి మొదలగువానిపై నూటికి 5 వంతున జి.యస్.టి. వేసిరి. ఆ వెంటనే బజారులో 26 కిలోల సంచి అవతరించినది. మన వర్తకుల బుద్ధికుశలతకు ఆశ్చర్యపడుట తప్ప వేరుచేయునది లేదు. కాని దాని ఫలితము చూడుడు. ఒక్కమారుగా 26 కిలోలు కొనగల సంసారికి పన్ను లేదు. అయిదు కిలోల ముద్రపొట్లము కొను సంసారికి పన్ను కలదు.

పప్పు మాట మరియును చిత్రము. ఇడ్లీకి, దోసెకు, గారెకు ప్రాణమైన మినుము మన దేశమునకు ప్రధానముగా బర్మానుండి దిగుమతియగుచున్నది. కంది బర్మానుండియు, మొజాంబిక్, టాంజానియా, మలావీ మొదలగు ఆఫ్రికా దేశములనుండియు వచ్చుచున్నది. 1942లో జపాను సేనలు రంగూనును పట్టుకొనగనే బర్మా బియ్యము ఆగిపోయి మదరాసు రాజధాని తల్లడిల్లినది. రంగూనులో బ్రతుకుచుండిన మన ఆంధ్రులు వేలకొలది కాలినడకను అడవులు దాటి ఇల్లు చేరిరి. ఎనుబది యేండ్లు దాటినను ఆలమూరు ఇడ్లీ పళ్ళెము బర్మాలోని అలజడికి బెదరవలసియే యున్నది. వరి కోయుటకు ముందు చేలో మినుములు చల్లి, మంచు పదునుకే పంట తీయు నేర్పు మన డెల్టాలకు తరతరములది. దాళ్వా వరియు, పల్లాకు తెగులును కలిసి ఆ పైరును చాలచోట్ల వెనుకకు నెట్టినవి. ఈ సంగతి వ్యవసాయశాఖవారికి తెలియును. రైతు లాభనష్టములు చూచుకొని విత్తనము వేయును. ఇందుకు అతనిని తప్పుపట్టలేము.

నూనె మాట చెప్పినచో, దేశమున వాడు వంటనూనెలో సగముకంటె ఎక్కువ పరదేశపుది. 2022లో యుక్రెయిన్ యుద్ధముతో పొద్దుతిరుగుడు నూనెకు కొరత వచ్చినది. ఆ యేడు ఏప్రిలు 28నుండి మే 23వరకు ఇండొనీషియా పామాయిలు ఎగుమతినే ఆపివేసినది. 2024 సెప్టెంబరు 14న కేంద్రము దిగుమతి సుంకము పెంచినది. మన గోదావరి జిల్లాల ఆయిల్ పామ్ రైతునకు దానివలన కొంత మేలుండుటచే సుంకమును మేము ఆక్షేపింపము. ఆక్షేపణీయమైనది దాని తరువాతి కథ. పాత సుంకముతో తెచ్చిన నూనె దాదాపు 30 లక్షల టన్నులు నిలువయున్నదనియు, అది తీరువరకు ధర పెంచవలదనియు కేంద్ర ఆహారశాఖ వర్తక సంఘములకు తెలిపినది. నిలువ తీరుటకు నెలలు పట్టును; ధర పెరుగుటకు దినములు చాలినవి. 2025 మే 30న ముడినూనెలపై సుంకము తగ్గించినపుడు ఆ తగ్గింపు మన డబ్బామీదికి అదే వేగముతో వచ్చినదా? పాఠకులు తమ చీటీలను చూచుకొందురు గాక.

2025లోనే కొబ్బరి ధర మునుపెన్నడును లేనంత యెత్తునకు పోయినది. ఇందుకు కోనసీమవారము సంతోషింపవలసియున్నది. ఏండ్లతరబడి దింపుకూలి కూడ రాక కాయలు చెట్టుననే వదలినవారికి అది న్యాయమైన ప్రతిఫలము. అయితే ఆ సంవత్సరమే కోనసీమ హోటళ్ళలో కొబ్బరి చట్నీ స్థానమున పల్లీ చట్నీ వచ్చి కూర్చున్నది. ధర పెరుగుట అంతయు చెడ్డయని అనువారు ఈ యుదాహరణ మరువరాదు. పండించువానికి చేరిన పెంపును మేము ఓర్చుకొందుము. దారిలో కరగిపోవు పెంపే ఓర్వరానిది. 2024లో రిజర్వు బ్యాంకు నిపుణులు ప్రకటించిన పరిశోధనా పత్రముల ప్రకారము, తినువాడు ఇచ్చు రూపాయిలో రైతునకు టమాటాలో 33 పైసలు, ఉల్లిలో 36, బంగాళాదుంపలో 37 మాత్రమే ముట్టుచున్నవి. తక్కిన అరువదియైదు పైసలు తిన్నవాడు నాగలి పట్టినవాడు కాడు, గరిటె పట్టినవాడును కాడు.

గరిటె పట్టినవాని మాట కూడ న్యాయముగా చెప్పవలెను. మన యూరి చిన్న హోటలు యజమాని దొంగ కాడు. తెల్లవారుజామున మూడు గంటలకు లేచి పిండి రుబ్బించువాడు. అతడు వాడు గ్యాసు సిలిండరుకు గృహస్థుల రాయితీ లేదు. ప్రతినెల ఒకటవ తేదీన దాని ధర మారుచుండును. మాస్టరు జీతము, గిన్నెలు తోము ఆమె కూలి, కొట్టు అద్దె పెరుగునే గాని తగ్గవు. అందుచేతనే టమాటా పడిపోయినపుడు అతడు ధర దించడు. పెరిగిన ధరలో టమాటా భాగము స్వల్పమని వాదించును. వాదము కొంతవరకు సత్యమే. కాని రెండు సంగతులు అతడు చేయవచ్చును. పెంచినపుడు ఎందుకు పెంచెనో గోడమీద ఒక వాక్యము వ్రాయుట. ధర పెంచకుండ వడ్డన తగ్గించు దొంగచాటు మార్గమును విడుచుట. పేదవాడు ధరను చూచి అడుగు వెనుకకు వేయగలడు. గరిటెలోని కోతను తిన్నతరువాత గాని ఎరుగడు. బిస్కత్తులు, సబ్బులు చేయు పెద్ద కంపెనీలు ఈ విద్యలో ఆరితేరినవి. రేపరు అదే, ధర అదే, గ్రాములు వేరు. 2021లో సవరించిన తూనికల నిబంధనల ప్రకారము పొట్లముమీద గ్రామునకో కిలోకో పడు ధరను ముద్రింపవలెను. అది కంటికి ఆననంత సన్నని అక్షరములలో నుండును. కండ్లద్దములు పెట్టుకొనియైనను చదువుడు.

ఇంతవరకు బజారు. ఇపుడు ఇంటిలోనికి పోవుదము. అసలు సంకటము అచటనే యున్నది.

ధరలు పెరిగినపుడు "పొదుపు చేయవలెను" అని ఉపదేశించుట వాడుక. ఆ పొదుపు ఎవరి కంచములో జరుగుచున్నది? ఇంటి యజమానికి పెరుగు తగ్గదు. బడికి పోవు బాలునికి గ్రుడ్డు తగ్గించుటకు తల్లికి చేతులు రావు. అందరికిని వడ్డించి చివర కూర్చుండు ఆమె మజ్జిగతోనో పచ్చడితోనో పూట గడుపును. కూర చాలలేదని ఆమె చెప్పదు. తనకు ఆకలిలేదని చెప్పును. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో మన రాష్ట్రమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 58.8 మంది రక్తహీనులని తేలినది. రక్తహీనతకు కారణములు పెక్కు. ధర ఒక్కటియే కాదు. అయినను పప్పు, ఆకుకూర, గ్రుడ్డు, పాలు ప్రియమైన ప్రతిసారియు ఆ అంకెకు ఎవరు మేత వేయుచున్నారో ఊహించుట కష్టము కాదు. బియ్యము ఒక్కటి మాత్రమే ఆమెకు కొరత లేదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినది. 2013 ఆహారభద్రతా చట్టముచే మనిషికి నెలకు 5 కిలోలు హక్కైనవి. 2023 జనవరినుండి అవి ఉచితమైనవి. ఇది గొప్ప కార్యము. ఆకలిచావును గడపదాటి రానీయనిది అదియే. కాని కడుపు నిండుటయు ఒడలికి సత్తువ వచ్చుటయు ఒకటి కావు. కార్డు బియ్యము కంచము నింపును, దానిమీద వేయవలసినదానికే ధర పెరిగినది.

అయిదు రూపాయల అన్న క్యాంటీన్లను గూర్చి ఒక మాట. 2018లో తెరచి, 2019లో మూసి, 2024 ఆగస్టులో గుడివాడనుండి మరల తెరచిరి. ప్రభుత్వము మారిన మూతపడుటయు, మారిన తెరచుకొనుటయు పేదవాని కూటికి పట్టిన దుర్గతి. పెట్టినవాని పేరు గోడమీద ఎవరిదైనను మాకు అభ్యంతరము లేదు. తాళము మాత్రము పడరాదు. అదిగాక ఈ క్యాంటీన్లు ప్రధానముగా పట్టణములకు ఏర్పడినవి. లంకనుండి పనిమీద మండల కేంద్రమునకు వచ్చిన కూలికి పట్టణవాసి కూలికంటె ఆకలి తక్కువగా వేయునా?

మన సీమకు ఈ విషయమున ఒక సంప్రదాయము కలదు. మండపేటలో పుట్టి లంకల గన్నవరమునకు కోడలై వచ్చిన డొక్కా సీతమ్మగారు 1909లో కన్నుమూయువరకు గోదావరి దాటివచ్చిన ప్రతి బాటసారికిని వేళగాని వేళ సైతము అన్నము పెట్టిరి. ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకమునాడు ఆమె చిత్రపటమును తెప్పించుకొనిరన్న సంగతి మనమందరము చెప్పుకొనుచుందుము. 2024లో రాష్ట్ర ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజనమునకు ఆమె పేరు పెట్టినది, మంచిదే. అయితే దానమును కీర్తించుట వేరు, దానముమీద ఊరు బ్రతుకుట వేరు. తన కష్టముతో కొనుక్కొని తినగోరు కూలివానికి సత్రము చూపుట మర్యాద కాదు. అతడు కోరునది న్యాయమైన వెల.

న్యాయమైన వెల కొనువారు కలిసినపుడుగాని రాదు. మిల్లువారికి సంఘము కలదు, టోకు వర్తకులకు సంఘము కలదు, హోటళ్ళవారికి సంఘము కలదు. తినువాడు మాత్రము చేతిసంచితో ఒంటరిగా పోవును. 1844లో ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో 28 మంది పనివారు కలిసి పిండి, వెన్న, చక్కెర, ఓట్లపిండి మొదలగు కొలది సరకులతో ఒక కొట్టు తెరచిరి. కల్తీలేని సరకు, సరియైన తూకము, మిగులును కొనినవారికి వారి కొనుగోలునుబట్టి పంచుట, వీనితోనే ప్రపంచమున సహకారోద్యమము నిలిచినది. 1904లో మదరాసు తిరువల్లిక్కేణిలో మనవారును అట్టిదానిని స్థాపించిరి. రాజమహేంద్రవరమున న్యాయవాదియై, ఆ పురపాలక సంఘమునకు అధ్యక్షుడైన టంగుటూరి ప్రకాశంగారు 1946లో మదరాసు ప్రధానియైనపుడు, పండించువారిని తినువారిని ఒకే సంఘములో చేర్చు సహకార సంఘములను రాజధాని అంతటను నెలకొల్పబూనిరి. 1947 మార్చిలో మంత్రివర్గము పడిపోయినది. ఆ కాలపు దుకాణములు పెక్కు నియంత్రణల నీడలో పుట్టినవి. నియంత్రణలు తొలగినంతనే ఎండకు తాళలేకపోయినవి. అధికారి ఆజ్ఞచే పుట్టిన సంఘమునకు ఆ ప్రమాదమెప్పుడును ఉండును. కేరళలో కుటుంబశ్రీ మహిళలు 2020నుండి 20 రూపాయల భోజనము పెట్టిన జనకీయ హోటళ్ళు కూడ, 2023లో సర్కారు రాయితీ తీసివేయగా ధర 30 చేయవలసివచ్చినది. వారు మూయక నడుపుటయే వారి ఘనత.

మన యూర డ్వాక్రా సంఘములు కలవు. వానికి పొదుపు కలదు, లెక్క వ్రాయు అలవాటు కలదు, వంట చేతనగును. వీరు మండపేట మిల్లునుండి బియ్యమును, మడికినుండి కూరగాయలను కలిసికట్టుగా తెచ్చి పంచుకొనుటకు ఏ చట్టమును అడ్డురాదు. వారిలోనే కొందరు కలిసి ఒక కూరల కొట్టు నడిపినచో పొట్లములో ముక్కలెన్నియో, పులుసెంతయో ఊరికి ఒక కొలత ఏర్పడును. తక్కిన కొట్లును ఆ కొలతకు రావలసివచ్చును. ఒక చిక్కు మాత్రము దాచరాదు. కిరాణా కొట్టు ప్రియమైనను ఖాతా నిచ్చును. పని దొరకని వారమున కూలిసంసారమును ఆదుకొనునది ఆ ఖాతాయే. రోచ్‌డేల్‌వారి వలె రొక్కమిచ్చినవారికే సరకు అన్నచో, ఎవరికొరకు ఈ యత్నమో వారే వెలుపల మిగులుదురు. కావున సంఘపు పొదుపులో కొంత భాగమును పదునైదు దినముల అరువుకు వేరుగా నుంచవలెను.

పెద్ద సభలు, తీర్మానములు మొదట అక్కరలేదు. ఇరువది కుటుంబములు చేరి, ఒక నెల దినములు, వారమునకు రెండుమారులు తెల్లవారకముందు మడికికి ఒక ఆటో పంపవలయును. కొన్న ధర, ఆటో కిరాయి, కుళ్ళి పారవేసిన తరుగు, పంచినపుడు కిలోకు పడిన వెల, అదే దినము మన బజారు వెల, ఈ అయిదు అంకెలను ఒక కాగితముమీద వ్రాసి పఠనమందిరపు గోడకు అంటింపవలయును. లాభము కనబడినను, నష్టము కనబడినను ఆ కాగితమును మాకు పంపినచో ఉన్నదున్నట్లు ఈ పుటలోనే ప్రకటింతుము.